కాళ్ళు అలిసినా కళ్ళు మూతపడని రాత్రి

జూలైలో ఒక ఆదివారం. తెల్లవారుజామున నాలుగింటికి చిక్కడపల్లిలో మా సందు నుంచి బయల్దేరి నారాయణగూడ, కాచిగూడ చౌరస్తా, బడీచౌడి మీదుగా కోఠి చేరాను. పగటిపూట భుజం తగలకుండా నాలుగడుగులు వెయ్యలేని సుల్తాన్‌బజార్‌లో ఆ వేళకు దించిన షట్టర్లు, వాటి ముందు ముడుచుకు పడుకున్న కుక్కలు తప్ప ఎవరూ లేరు. అక్కణ్ణుంచి అబిడ్స్, బషీర్‌బాగ్ దాటి ట్యాంక్‌బండ్ ఎక్కి, హుస్సేన్‌సాగర్ చుట్టూ రెండుసార్లు తిరిగి ఇంటికొచ్చేసరికి ముప్ఫై కిలోమీటర్లు నిండాయి. ఆ రోజంతా ఒళ్ళు బరువుగానే ఉంది. రాత్రి తొమ్మిదికల్లా పక్క ఎక్కాను. పదయింది, పదకొండయింది. తొడలు సలుపుతున్నాయి, అరికాళ్ళు వేడెక్కి ఉన్నాయి, గుండె కొట్టుకోవడం దిండులోంచి వినిపిస్తోంది. ఒంటిగంటకు లేచి మంచినీళ్ళు తాగాను. రెండు దాటాక ఎప్పుడో కునుకు పట్టింది.

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మన సామెత. ఒళ్ళు వంచి పనిచేసినవాడికి గట్టు మీదైనా నిద్ర పడుతుందని మా నాన్న అనేవారు. పొలం పని విషయంలో అది నిజమే కావచ్చు. మరి ముప్ఫై కిలోమీటర్లు పరుగెత్తినవాడికి మెత్తటి పరుపు మీద నిద్ర ఎందుకు రాలేదు? దూరపు పరుగు చేసేవాళ్ళలో ఈ అనుభవం లేనివాళ్ళు అరుదు. అప్పుడప్పుడూ వచ్చిపోయే ఈ నిద్రలేమి జబ్బా, శిక్షణలో ఉన్న తప్పా, లేక పట్టించుకోనక్కర్లేని సంగతా? యాభై ఏళ్ళకు పైగా పరిశోధకులు ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతున్నారు. వాళ్ళు చెప్పినదాన్ని, మా పేటలో కళ్ళారా చూస్తున్నదాన్ని పక్కపక్కన పెట్టి చూడాలన్నది ఈ వ్యాసం ప్రయత్నం.

మా పేట అంటే చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్. ఇక్కడ పరుగెత్తేవాళ్ళు రెండు రకాలు. ఒకరు నాలాంటివాళ్ళు. ఉద్యోగం ఉంది, ఇల్లుంది, ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ మీద కన్నుంది. రెండోవాళ్ళు అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి పోటీ పరీక్షలకు చదివే పిల్లలు. వాళ్ళలో కానిస్టేబుల్, ఎస్సై ఉద్యోగాలకు సిద్ధమయ్యేవాళ్ళకు పరుగు సరదా కాదు. ఉమ్మడి రాష్ట్రంలో మగపిల్లలు 5 కిలోమీటర్లు 25 నిమిషాల్లో పరుగెత్తాల్సి ఉండేది. ఆ పరుగులో కుప్పకూలి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. తెలంగాణ వచ్చాక దాన్ని తీసేశారు. 2018 నోటిఫికేషన్‌లో 800 మీటర్లు 170 సెకన్లు. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్ళకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, ఆడవాళ్ళకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు. 400 మీటర్ల ట్రాక్ మీద మగవాళ్ళకు నాలుగు రౌండ్లు, ఒక్కో రౌండుకు సుమారు 109 సెకన్లు. మారథాన్ పరుగువాళ్ళకు ఇది చిన్న దూరమే. కానీ పుస్తకం ముందు పది గంటలు కూర్చుని లేచిన కుర్రవాడికి ఇదే దూరపు పరుగు. పైగా ఇందులో తప్పితే రాతపరీక్షకు చదివిన చదువంతా అక్కడితో ఆగిపోతుంది.

ఒకరోజు నాలుగింటికి పది నిమిషాల ముందు అశోక్‌నగర్ సందులో బూట్ల లేసులు కట్టుకుంటున్నాను. పాల ప్యాకెట్ల ట్రేలు అప్పుడే దించుతున్నారు. ఎదురుగా మేడ మీద రీడింగ్ రూమ్‌లో ట్యూబ్‌లైట్లన్నీ వెలుగుతున్నాయి. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రవాడొకడు బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగాడు. వారంలో రెండుమూడుసార్లు కనబడే మొహమే.

“ఏం తమ్ముడూ, అప్పుడే లేచావా?”

“లేసుడు కాదన్నా, ఇగ పోయి పండుకుంట. ఆరింటికి గ్రౌండ్‌ల ఉండాలె.”

“రెండు గంటలేనా?”

“పండుకుంటే గదా అన్నా రెండు గంటలు! పండుకున్నా పడ్తలేదు.”

ఆ సందులో ఆ క్షణాన ఇద్దరం ఉన్నాం. నేను నిద్రలోంచి త్వరగా లేచి వచ్చాను, తను నిద్రకు ఆలస్యంగా వెళ్తున్నాడు. ఇద్దరం నిద్రను కోసే పరుగుకు సిద్ధపడుతున్నాం.

ముందు మంచి సంగతి. పరుగుకు, నిద్రకు మొత్తం మీద స్నేహమే. 1970లో ఫ్రెడరిక్ బేక్‌లాండ్ అనే వైద్యుడు అమెరికాలో ఒక ప్రయోగం తలపెట్టాడు. క్రమం తప్పకుండా వ్యాయామం చేసేవాళ్ళ చేత నెల రోజులు మాన్పిస్తే నిద్ర ఏమవుతుందో చూడాలని. వారానికి ఐదారు రోజులు చేసేవాళ్ళు డబ్బు ఇస్తామన్నా మానడానికి ఒప్పుకోలేదు. చివరికి మూడు నాలుగు రోజులు చేసేవాళ్ళతో సరిపెట్టుకున్నాడు. మానేశాక వాళ్ళ నిద్ర చెడింది, మనసులో ఆందోళన పెరిగింది. 1981లో దక్షిణాఫ్రికాలో 92 కిలోమీటర్ల రోడ్డు పరుగు పూర్తి చేసినవాళ్ళ నిద్రను యంత్రాలతో కొలిచారు. మొత్తం నిద్ర పెరిగింది, అందులోనూ గాఢనిద్ర బాగా పెరిగింది. శరీరం తన మరమ్మతు పని గాఢనిద్రలో చేసుకుంటుందన్న మాటకు ఆ ఫలితం బలం చేకూర్చింది. ఎదుగుదల హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది కూడా ఆ గాఢనిద్రలోనే.

అయితే దక్షిణాఫ్రికాలోనే 1994లో మరో బృందం చేసిన పని ఈ చిత్రాన్ని కొంచెం మార్చింది. పరుగు లేని రోజు, 15 కిలోమీటర్ల రోజు, మారథాన్ దూరం పరుగెత్తిన రోజు, అతి సుదీర్ఘమైన ట్రయథ్లాన్ చేసిన రోజు, ఇలా నాలుగు రాత్రుల్ని పోల్చారు. 15 కిలోమీటర్లకు, 42 కిలోమీటర్లకు నిద్ర పెద్దగా మారలేదు. ట్రయథ్లాన్ చేసిన రాత్రి మాత్రం మెలకువ పెరిగింది, కలలు వచ్చే నిద్ర తగ్గింది. రెండు ప్రయోగాలనూ కలిపి చదివితే నాకు అర్థమైంది ఇది. ఒంటికి అలవాటైన శ్రమ నిద్రను పెంచుతుంది, అలవాటు దాటిన శ్రమ నిద్రను చెదరగొడుతుంది. ఆ గీత ఎక్కడుందన్నది మనిషిని బట్టి, ఆ వారాన్ని బట్టి ఉంటుంది. ఏళ్ళ తరబడి పరుగెత్తినవాడికి ముప్ఫై కిలోమీటర్లు మామూలు ఆదివారం. అంతకు ముందు ఇరవై రెండు దాటని నాకు అది ట్రయథ్లానే.

ఎందుకిలా అవుతుందో తెలియాలంటే ఒక తేడా గ్రహించాలి. అలసట వేరు, నిద్రమత్తు వేరు. తెలుగులో ఈ రెంటికీ విడివిడిగా మాటలున్నా మనం కలిపేసి వాడుకుంటాం. 1982లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బేలీ నిద్రను నడిపే రెండు శక్తుల్ని వివరించాడు. మెలకువగా ఉన్న ప్రతి గంటకూ నిద్ర ఒత్తిడి పేరుకుంటూ పోతుంది, మెదడులో అడెనోసిన్ పోగవడం దానికి ఒక కారణం. ఇది మొదటిది. రెండోది శరీరంలోని గడియారం. ఒంటి వేడి ఎప్పుడు దిగాలో, ఎప్పుడు ఎక్కాలో అది నిర్ణయిస్తుంది. ఆ గడియారం జన్యువుల స్థాయిలో ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది. కండరాల అలసట ఈ రెంటిలో ఏదీ కాదు. కాళ్ళు ఎంత బరువెక్కినా ఒళ్ళు వేడిగా ఉండి, గుండె వేగం దిగకుండా ఉంటే మెదడు ఇంకా పరుగులోనే ఉంటుంది.

వేడి సంగతి మా పేటలో కొంచెం ఆగి చెప్పుకోవాలి. నిద్రలోకి జారేముందు శరీరం లోపలి వేడి కొంత దిగాలి. అందుకోసం చేతుల్లోకి, పాదాల్లోకి రక్తం ఎక్కువగా వచ్చి అక్కణ్ణుంచి వేడి బయటికి పోతుంది. నా అరికాళ్ళు వేడెక్కింది అందుకే, పని జరుగుతోంది కానీ పూర్తి కాలేదు. ఇక అశోక్‌నగర్ హాస్టల్ పై అంతస్తు గది తలుచుకోండి. నాలుగు మంచాలు, ఒక ఫ్యాను, పగలంతా ఎండకు కాగిన స్లాబు. మే నెల రాత్రి పదకొండింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. అలాంటి గదిలో పరుగు ముగించి వచ్చిన ఒళ్ళు చల్లారడానికి ఎంత సేపు పడుతుందో ఆలోచించండి. డాబా మీద చాప పరుచుకునే పిల్లల్ని చూసి చదువు మానేసి కబుర్లాడుతున్నారని ఓనర్లు కసురుతుంటారు కానీ, ఆ పిల్లలు చేస్తున్నది సరైన పని. పడుకునే ముందు గోరువెచ్చటి నీళ్ళతో స్నానం చేసినా, తడిగుడ్డతో పాదాలు తుడుచుకున్నా కొంత ఉపశమనం దొరుకుతుంది.

సాయంత్రం పరుగు మంచిది కాదన్న మాట చాలా కాలంగా ఉంది. 2019లో స్విట్జర్లాండ్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన ఇరవైకి పైగా అధ్యయనాల్ని కలిపి లెక్కగట్టారు. సాయంత్రం వ్యాయామం నిద్రను పాడుచెయ్యదని, కొంచెం మేలే చేస్తుందని తేలింది. పడుకోబోయే గంటలోపు ముగిసిన తీవ్రమైన వ్యాయామం మాత్రం మినహాయింపు. నా అనుభవమూ ఇదే. కోఠిలో ఆఫీసు వదిలి ఆరున్నరకు నెమ్మదిగా ఏడెనిమిది కిలోమీటర్లు తిరిగిన రోజున హాయిగా నిద్రపోతాను. తొమ్మిదింటికి మొదలుపెట్టి 800 మీటర్ల వేగపు పరుగులు ఆరు లాగించిన రోజున పన్నెండు దాకా పైకప్పు చూస్తూ ఉంటాను. కుదిరినవాళ్ళు వేగపు పరుగును పొద్దుటికి మార్చుకుని, నెమ్మది పరుగును సాయంత్రానికి ఉంచుకోవడం మేలు.

చాయ్ గురించి చెప్పకపోతే ఈ పేట గురించి చెప్పినట్టే కాదు. అడెనోసిన్ కూర్చోవాల్సిన చోట కెఫీన్ ముందే వెళ్ళి కూర్చుంటుంది. నిద్ర ఒత్తిడి అలాగే ఉంటుంది, మనకు తెలియదు, అంతే. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సగటున ఐదు గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. 2013లో అమెరికాలో చేసిన ప్రయోగంలో 400 మిల్లీగ్రాముల కెఫీన్ నిద్రకు ఆరు గంటల ముందు తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గింది. ఒక కప్పు చాయ్‌లో అందులో పదో వంతు ఉంటుందేమో. కానీ రీడింగ్ రూమ్ పిల్లల లెక్క ఒక కప్పుతో ఆగదు. సాయంత్రం ఐదుకొకటి, ఏడుకొకటి, మెస్‌లో భోజనమయ్యాక ఒకటి, పన్నెండింటికి బండి దగ్గర ఒకటి. ఆ చివరి కప్పు మూడు నాలుగింటిదాకా చదివిస్తుంది, తర్వాత పడుకుందామంటే పడుకోనివ్వదు. “పండుకున్నా పడ్తలేదు” అన్న మాటలో సగం జవాబు ఆ కప్పులోనే ఉంది. మారథాన్ పరుగువాళ్ళు దారిలో తినే జెల్‌లలో కూడా కొన్నిటిలో కెఫీన్ ఉంటుంది. పొట్లం మీద చదివి కొనుక్కోవాలి.

తిండి విషయంలో మనకు అనుకూలమైన సంగతి ఒకటుంది. 2007లో సిడ్నీలో చేసిన ఒక చిన్న ప్రయోగంలో, త్వరగా అరిగే రకం అన్నం పడుకోవడానికి నాలుగు గంటల ముందు తిన్నవాళ్ళకు నిద్ర సగం సమయంలోనే పట్టింది. పాల్గొన్నవాళ్ళు కొద్దిమందే కాబట్టి దాన్ని శాసనంగా తీసుకోనక్కర్లేదు. కానీ బరువు తగ్గాలని రాత్రి అన్నం మానేసి, పొద్దున పద్ధెనిమిది కిలోమీటర్లు పరుగెత్తి, అర్ధరాత్రి ఆకలితో మేలుకునే మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. వాళ్ళకు ఏడున్నరకు కాస్త అన్నం, పప్పు, పెరుగు తినమని చెబుతాను.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చిన్న చిన్న కారణాలు. అసలు కారణం నా దృష్టిలో అలారం. హైదరాబాద్‌లో దూరపు పరుగు నాలుగింటికి మొదలుకావడానికి కారణాలున్నాయి. ఆరున్నర దాటితే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో బస్సులు, ఆటోలు మొదలవుతాయి. వేసవిలో ఏడింటికే ఎండ చురుక్కుమంటుంది. తొమ్మిదింటికి ఆఫీసు. 2023 ఆగస్టులో ఇందిరాపార్కు నుంచి వీఎస్‌టీ దాకా రెండు కిలోమీటర్లకు పైబడిన ఉక్కు వంతెన తెరిచాక పైన వాహనాలు సాఫీగా పోతున్నాయి కానీ, కింద మనిషి పరుగెత్తడానికి దొరికిన జాగా ఏమీ పెరగలేదు. కాబట్టి పరుగును పొద్దు పొడవకముందుకు నెట్టుకున్నాం. ఆ అవతలి కొసన రాత్రి మాత్రం ముందుకు జరగలేదు. చిక్కడపల్లి రాత్రి పదింటికి పడుకునే పేట కాదు. సంధ్య, సుదర్శన్, దేవి థియేటర్లలో రెండో ఆట వదిలాక కూడా బిర్యానీ కోసం బావర్చి ముందు జనం ఉంటారు. పెద్ద హీరో సినిమా విడుదల నాడు తీన్మార్ చప్పుడు మా కిటికీ అద్దాల్ని తాకుతుంది. వినాయక నవరాత్రులయితే మండపం మైకు ఎప్పుడు ఆగుతుందన్నది చెప్పలేం. కొన్నేళ్ళు చవితి ఆగస్టు చివర్లో, సరిగ్గా మారథాన్ వారంలోనే వస్తుంది. ఇంట్లో పిల్లల హోంవర్కు, టీవీ, వంటిల్లు సర్దుకోవడం అయ్యేసరికి పదకొండున్నర. అలారం నాలుగుంబావుకు. అయిదు గంటల నిద్ర కూడా లేదు. వారానికి నాలుగు రోజులు ఇదే లెక్క.

దీన్ని నిద్రలేమి అని పిలవకూడదు. ఇది నిద్రకు చోటివ్వకపోవడం. ఈ తేడా చాలా ముఖ్యం, ఎందుకంటే రెంటికీ మందు వేరు. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కొందరిని రెండు వారాల పాటు రోజుకు ఆరు గంటలో, నాలుగు గంటలో మాత్రమే నిద్రపోనిచ్చారు. ఆరు గంటలు నిద్రపోయినవాళ్ళ చురుకుదనం కూడా క్రమంగా పడిపోయి, రాత్రంతా జాగారం చేసినవాళ్ళ స్థాయికి దిగజారింది. అంతకంటే భయపడాల్సింది ఇంకొకటుంది. కొన్నాళ్ళయ్యాక వాళ్ళకు తాము దిగజారుతున్నామన్న స్పృహే తగ్గింది, అలవాటైపోయిందనుకున్నారు. “నాకు అయిదు గంటలు చాలండీ” అనే పరుగు మిత్రుడి మాట విన్నప్పుడల్లా నాకు ఆ ప్రయోగం గుర్తొస్తుంది. 2014లో లాస్ ఏంజిలెస్‌లో బడి వయసు క్రీడాకారుల్ని పరిశీలిస్తే, ఎనిమిది గంటల కంటే తక్కువ నిద్రపోయేవాళ్ళకు గాయాలయ్యే అవకాశం 1.7 రెట్లు ఎక్కువగా కనిపించింది. వాళ్ళు ఎదిగే పిల్లలు, మనం కాదు. అయినా మోకాలు, పిక్కలు, మడమ నొప్పులతో ఫిజియోథెరపీకి తిరిగే మా గుంపులో నేను మొదట అడిగేది బూట్ల గురించి కాదు, రాత్రి ఎన్నింటికి పడుకున్నారని.

ఎదురు దిశలో చేసిన ప్రయోగమూ ఉంది. 2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళు పదకొండు మందిని ఐదు నుంచి ఏడు వారాలు రోజుకు పది గంటలు పక్క మీద ఉండమన్నారు. 282 అడుగుల పరుగు 16.2 సెకన్ల నుంచి 15.5కు దిగింది, బంతి గురి పెరిగింది, మనసు తేలికపడింది. పోల్చడానికి మరో గుంపు లేదు కాబట్టి అంతా నిద్ర పుణ్యమేనని అనలేం. కానీ దీన్ని ఎలియుడ్ కిప్‌చోగె జీవితంతో కలిపి చూస్తే కొట్టిపారెయ్యబుద్ధి కాదు. 2019 అక్టోబరు 12న వియన్నాలో మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో ముగించిన ఆ కెన్యా మనిషి రాత్రి తొందరగా పడుకుంటాడు, మధ్యాహ్నం మళ్ళీ కునుకు తీస్తాడు. అతనూ తెల్లవారుజామునే లేస్తాడు. తేడా అంతా రాత్రి దీపం ఎప్పుడు ఆర్పేశాడన్న దగ్గర ఉంది.

పగటి నిద్ర అంటే మన ఇళ్ళలో చిన్నచూపు. చరకుడు ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనే మూడింటిని దేహాన్ని నిలబెట్టే ఉపస్తంభాలన్నాడు. పగటి నిద్ర వేసవిలో తప్ప కూడదన్నవాడూ ఆయనే. కానీ అక్కడే, చదువుతో, బరువుల మోతతో, దూరపు నడకతో బడలినవాళ్ళకు ఏ కాలంలోనైనా పగటి నిద్ర తగునన్నాడు. చదువు, దూరం రెండూ ఒకే మనిషి మీద పడ్డ అశోక్‌నగర్ కుర్రవాడికి ఇంతకంటే స్పష్టమైన అనుమతి ఎవరిస్తారు? మధ్యాహ్నం రెండింటి ప్రాంతంలో ఇరవై, ముప్ఫై నిమిషాలు. సాయంత్రం ఆరింటికి పడుకుంటే మాత్రం రాత్రి నిద్ర ఒత్తిడి దెబ్బతింటుంది.

పోటీ ముందు రాత్రి సంగతి వేరుగా చెప్పాలి. ఎక్కువ భయం అక్కడే ఉంది, ఎక్కువ ధైర్యమూ అక్కడే దొరుకుతుంది. హైదరాబాద్ మారథాన్ నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర తెల్లవారకముందే మొదలవుతుంది. మూడింటికి లేవాలి. నా మొదటి మారథాన్ ముందు రాత్రి ఎనిమిదికి పడుకుని, పడుకున్నది మొదలు గడియారం చూస్తూనే ఉన్నాను. ఇంకా ఆరు గంటలుంది, ఇంకా నాలుగు గంటలుంది అని లెక్కపెట్టుకుంటూ. అలా గంటన్నర కూడా నిద్రపోయానో లేదో. ఇక ఫ్లైఓవర్ల మీద చతికిలబడతాననే అనుకున్నాను. గమ్యమైన గచ్చిబౌలి చేరాను, అనుకున్న సమయానికి కాస్త అటూ ఇటూగానే. తర్వాత చదివితే తెలిసింది, 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు వందమందికి పైగా మారథాన్ పరుగువాళ్ళను అడిగితే దాదాపు 70 శాతం మంది ముందు రాత్రి మామూలుకంటే నిద్ర సరిగా పట్టలేదన్నారట. ఆ రాత్రి నిద్రకు, మర్నాటి పరుగు ఫలితానికి చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. ఒక రాత్రి నిద్ర పోయినందువల్ల కండరంలో దాచుకున్న శక్తి పోదు, మూడు నెలల శిక్షణ ఎగిరిపోదు. పరుగు కొంచెం కష్టంగా తోస్తుంది, అంతే. అందుకే ఆ వారంలో సోమవారం నుంచి శుక్రవారం దాకా నిద్ర కూడబెట్టుకోమని, శనివారం రాత్రిని దాని మానాన వదిలెయ్యమని కొత్తవాళ్ళకు చెబుతాను.

దేహదారుఢ్య పరీక్షలకు వెళ్ళే పిల్లలకూ ఈ మాట చెప్పాలి. కానీ వాళ్ళకు ఇది సగమే వర్తిస్తుంది. 2022 డిసెంబరులో ఈవెంట్స్ మొదలైనప్పుడు రాత్రి బస్సులో ఊళ్ళ నుంచి దిగి, బస్టాండులో మొహం కడుక్కుని, నేరుగా గ్రౌండుకు వెళ్ళినవాళ్ళున్నారు. ఒక రాత్రి ఫర్వాలేదు. ఆ ఒక్క రాత్రికి ముందు మూడు నెలలు రోజుకు నాలుగు గంటలే పడుకుని ఉంటే మాత్రం ఫర్వాలేదని నేను అనలేను. నిద్ర చాలని మెదడు చదివినదాన్ని కూడా సరిగా నిలుపుకోదు. రాత్రి రెండు నుంచి నాలుగు దాకా చదివిన రెండు గంటలు వాళ్ళ ఖాతాలో జమ కావడం లేదు. అటు గ్రౌండులో, ఇటు పరీక్ష హాల్లో రెండు చోట్లా ఖర్చు రాస్తున్నాయి.

అప్పుడప్పుడూ వచ్చే నిద్రలేమి నిలకడైన జబ్బుగా ఎలా మారుతుందో ఆర్థర్ స్పీల్‌మన్ అనే మనస్తత్వవేత్త చక్కగా వివరించాడు. కొందరిది సహజంగానే కలతనిద్ర. ఏదో ఒకటి, పరీక్షో పోటీయో గాయమో, దాన్ని రేపుతుంది. ఆ కారణం పోయాక కూడా నిద్రలేమిని నిలబెట్టేది మనం దానికి చేసుకున్న విరుగుళ్ళే. నిద్ర రాలేదని మర్నాడు ఎనిమిదికే పడుకోవడం, పగలు మూడు గంటలు పడుకోవడం, పక్క మీదే ఫోను చూస్తూ ఎదురుచూడటం, చాయ్ పెంచడం. వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు సాగితే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. దానికి మొదటి చికిత్స మాత్రలు కాదని, అలవాట్లను, ఆలోచనల్ని సరిదిద్దే పద్ధతి అని అమెరికా వైద్యుల సంఘం 2016లోనే స్పష్టంగా చెప్పింది. మందుల షాపులో అడిగితే ఇచ్చే జలుబు మాత్ర వేసుకుని పడుకునే పిల్లల్ని చూశాను. పొద్దున గ్రౌండులో వాళ్ళ కాళ్ళు తేలిపోతుంటాయి.

ఆ పద్ధతిలో ఒక సూత్రం 1972లో రిచర్డ్ బూట్‌జిన్ చెప్పింది. పక్క నిద్రకే ఉండాలి. ఎంతకీ నిద్ర రాకపోతే లేచి వేరే చోట కూర్చోవాలి, నిద్ర వచ్చినప్పుడే తిరిగి పక్క ఎక్కాలి. వినడానికి బాగుంది. నలుగురున్న గదిలో ఒక మంచమే చదువుబల్ల, భోజనాల బల్ల, బట్టల అలమర అయినవాడు ఎక్కడికి లేచి పోతాడు? ఇది ఆలోచిస్తుంటే మా అమ్మమ్మ గారి ఇల్లు గుర్తొచ్చింది. అక్కడా గది ఒకటే. తెల్లారగానే పరుపులు, బొంతలు చుట్టి మూలన పెట్టేవారు. పగలు ఎంత వెతికినా పక్క అన్నది కనబడేది కాదు. రాత్రి పరుపు విప్పడమే నిద్రకు పిలుపు. హాస్టల్ మంచం మీదా అదే చెయ్యొచ్చు. పొద్దున్నే పరుపు చుట్టి గోడకు పెట్టి, పగలు చెక్క మీద చాప వేసుకు కూర్చోవాలి. రాత్రి నిద్ర రాకపోతే మెట్ల మీదో, డాబా మీదో పది నిమిషాలు కూర్చుని రావాలి. పైసా ఖర్చు లేదు.

చేతి గడియారాల గురించి ఒక మాట. నిద్రను నిమిషాల్లో, శాతాల్లో చూపించే వాచీలు ఇప్పుడు మా గుంపులో చాలామంది చేతులకున్నాయి. ఎంతసేపు పడుకున్నామన్నది అవి సుమారుగా చెప్పగలవు, గాఢనిద్ర ఎంతన్నది అంత నమ్మదగ్గది కాదు. “గాఢనిద్ర నలభై నిమిషాలేనట” అని పొద్దున్నే దిగులుపడి, మర్నాటి రాత్రి ఆ దిగులుతోనే మేలుకునేవాళ్ళ కోసం వైద్యులు 2017లో ఒక కొత్త పేరే పెట్టాల్సి వచ్చింది. నేను రాత్రిపూట వాచీ తీసి బీరువాలో పెట్టేస్తున్నాను.

కొన్ని గుర్తుల్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. లేవగానే చూసుకునే గుండె వేగం వారంపాటు మామూలుకంటే పైనే ఉండటం, మునుపటి వేగానికి ఇప్పుడు రెట్టింపు కష్టపడాల్సి రావడం, చిరాకు, దాంతోపాటు నిద్ర చెడటం. ఇవన్నీ కలిసి వస్తే శిక్షణ ఒంటిని మించిపోయిందని అర్థం, పరుగు తగ్గించాలి. పక్క ఎక్కగానే కాళ్ళలో ఏదో పాకుతున్నట్టు, కదిలిస్తే తప్ప తీరనట్టు ఉంటే రక్తపరీక్షలో ఐరన్ నిల్వలు చూపించుకోవాలి. దూరపు పరుగు చేసే ఆడవాళ్ళలో అవి తక్కువగా ఉండటం మామూలే. ఇక నిద్ర రాకపోవడానికి కారణం కాళ్ళు కాక మనసైతే, నోటిఫికేషన్ రాలేదనో, ఇంట్లో అప్పు పెరుగుతోందనో, ఇక బతకడమెందుకనో రాత్రంతా తిరిగే ఆలోచనలైతే, దాన్ని పరుగుతో గెలవాలని చూడొద్దు. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలి మానస్ సేవలో తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు ప్రతి రీడింగ్ రూమ్ గోడ మీదా ఉండాలని నా కోరిక.

ఈ చదువంతా అయ్యాక నా శిక్షణలో మార్చుకున్నది కొంచెమే. వారం మధ్య పరుగులు నాలుగు నుంచి మూడుకు తగ్గించి, వాటిని అయిదుంబావుకు మార్చాను. దూరం పోకుండా ఇందిరాపార్కు చుట్టూనే తిరుగుతాను. నాలుగింటికి లేవడం ఆదివారానికే. శనివారం ఎనిమిదిన్నరకు గది దీపం ఆర్పేయడానికి ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నారు. మారథాన్ సమయం మెరుగుపడిందా అని అడిగితే, రెండు నిమిషాలు. మోకాలు మాత్రం ఆ సీజనంతా నొప్పి పెట్టలేదు.

ఆ కుర్రవాడు మొన్న ఇందిరాపార్కు దగ్గర కనబడ్డాడు. రీడింగ్ రూమ్ నుంచి పన్నెండుకే వచ్చేస్తున్నానని, రాత్రి చాయ్ మానడం మాత్రం “అయితలేదన్నా” అని చెప్పాడు. నాలుగు రౌండ్లు వేసి, చెమట తుడుచుకుని, బెంచీ మీద బ్యాగు తలకింద పెట్టుకుని కాళ్ళు చాపాడు. ఏదో అడుగుదామని దగ్గరికి వెళ్ళేసరికే నోరు కొద్దిగా తెరుచుకుంది, చెయ్యి బెంచీ అంచు నుంచి జారి వేలాడుతోంది. వాకింగ్‌కు వచ్చిన పెద్దవాళ్ళు గట్టిగా మాట్లాడుకుంటూ అటే వస్తున్నారు. ఎదురెళ్ళి, నెమ్మదిగా మాట్లాడమని సైగ చేసి, నేను ఇంకో రౌండు వెయ్యడానికి కదిలాను.